దుకాణం గడప దాటిన మందుకు తనిఖీదారు ఎవరు?



ఆదివారం తెల్లవారుజామున ఎల్.బి.నగర్ కూడలిలో కాసేపు నిలబడి చూడండి. సాగర్ రోడ్డు మీద పోయే బస్సుల కోసం కాచుకొని ఉన్నవారిలో చాలామంది రైతులే కనిపిస్తారు. వాళ్ళ ఇల్లు మీర్‌పేట్‌లో ఉంటుంది. భూమి మాత్రం ఇబ్రహీంపట్నం అవతల యాచారంలోనో, మంచాలలోనో, ఇంకా దూరాన దేవరకొండ వైపునో ఉంటుంది. వారమంతా పట్నంలో ఏదో పని చేసుకుంటారు, ఆదివారం చేను చూసి వస్తారు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు చేతిసంచిలో నాలుగు వంకాయలు, గుప్పెడు మిరపకాయలు, వాటి పక్కనే సగం మిగిలిన పురుగుమందు సీసా! చేనుకాడ కొట్టంలో పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని వెంట తెచ్చుకుంటారన్నమాట.

నేనుండేది కూడా మీర్‌పేట్‌లోనే. వ్యవసాయ పాలిటెక్నిక్‌లో రెండేళ్ళ డిప్లొమా చదివి, ఈ జిల్లాలోనే వ్యవసాయ విస్తరణాధికారిగా పని చేస్తున్నాను. మీరు నన్ను చూస్తే సాధారణంగా విత్తనాలను గురించో, తెగుళ్ళను గురించో అడుగుతారు. ఇవాళ ఆ మాటలు పక్కన పెడదాం. విషం మీద కాపలా కాసే ఉద్యోగం ఎట్లా ఉంటుంది, ఆ కాపలా ఎక్కడిదాకా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది, ఆగినచోట దాన్ని ఎవరు అందుకోవాలి, ఇదీ నేను చెప్పదలచిన సంగతి.

ప్రభుత్వంలో విషపదార్థాలను కనిపెట్టి ఉండేవారు ఒక్కరు కాదు. కార్ఖానాలోపల పనివాళ్ళ క్షేమం చూడడానికి ఫ్యాక్టరీల తనిఖీ అధికారి ఉన్నాడు. కార్ఖానానుంచి వాగులోకీ గాలిలోకీ పోయేదాన్ని చూడడానికి కాలుష్య నియంత్రణ మండలివారు ఉన్నారు. మనం తినే తిండిలో కల్తీ పట్టడానికి ఆహార భద్రతా అధికారి ఉన్నాడు. పురుగుమందుల విషయానికి వస్తే, చట్టం ప్రకారం వాటికొక తనిఖీ అధికారి ఉంటాడు. పల్లెల్లో ఆ బాధ్యత మన మండల వ్యవసాయాధికారిదే. మాబోటి విస్తరణాధికారులం ఆయన వెంట ఉండి, చూడవలసినవి చూసి, రాయవలసినవి రాస్తాం.

తనిఖీకి పోయిన అధికారి ఏమి చూస్తాడో తెలుసా? ముందు గోడమీద లైసెన్సు చూస్తాడు. ఏయే మందులు అమ్మడానికి అనుమతి ఉన్నదో, దుకాణంలో అవే ఉన్నాయో లేదో సరిపోల్చుకుంటాడు. తరవాత సరుకు పుస్తకం తెరుస్తాడు. ఫలానా మందు ఎన్ని సీసాలు వచ్చినై, ఎన్ని అమ్ముడుపోయినై, ఎన్ని మిగిలినై అని లెక్క చూసి, బీరువాలో ఉన్నవి ఎంచుకుంటాడు. ప్రతి సీసా మీదా బ్యాచి నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ ఉండాలి. గడువు తీరిన సరుకును మంచి సరుకుతో కలిపి ఉంచకూడదు. విడిగా పెట్టి, అమ్మకానికి కాదని దానిమీద ముద్ర వేయాలి. మందులను వేరే గదిలోనైనా, తాళంవేసిన బీరువాలోనైనా ఉంచాలి. తినే వస్తువులకు, పశువుల దాణాకు మందు తగలకూడదు. ఇవన్నీ 1971 నాటి నియమాలలో రాసి ఉన్నవే.

అనుమానం కలిగితే అధికారి నమూనా తీస్తాడు. ఇక్కడ ఒక ముచ్చట మీకు తెలియాలి. ఆ నమూనాను మూడు భాగాలు చేసి, మూడింటికీ సీలు వేస్తారు. ఒకటి దుకాణదారుకు ఇస్తారు. ఒకటి ప్రభుత్వ పరీక్షాశాలకు పోతుంది. మూడోది న్యాయస్థానం కోసం. రేపు ఎవరైనా 'నా సరుకు మంచిదే, మీరే మార్చినారు' అంటే తేల్చడానికి ఈ ఏర్పాటు. డబ్బా మీద రాసిన మందు రాసినంత పాళ్ళలో ఉన్నదా లేదా అన్నది పరీక్షలో తేలుతుంది.

అందుకే మీకొక సంగతి మనవి చేస్తాను. మందు పని చెయ్యలేదని చాలామంది రైతులు సగం వాడిన సీసా పట్టుకొని మా దగ్గరికి వస్తారు. వాళ్ళ బాధ నిజమే. కాని మూత తీసిన సీసాలోంచి తీసిన నమూనా కోర్టులో నిలవడం కష్టం. అదే బ్యాచి సరుకు దుకాణంలో సీలుతో ఉంటే, దాన్ని పరీక్షకు పంపించవచ్చు. ఏ దుకాణంలో ఏ బ్యాచి కొన్నారో చూపించడానికి మీ చేతిలో రసీదు ఉండాలి. రసీదు లేదంటే, మా చెయ్యి అక్కడే ఆగిపోయినట్టు. 'పది రూపాయలు తగ్గిస్తాను, బిల్లు వద్దులే' అనే మాటకు లొంగితే, ఆ పది రూపాయలకు మీ నోరు మీరే కట్టేసుకున్నవారవుతారు.

ఇంత పకడ్బందీ చట్టం ఎందుకు వచ్చింది? ఏదో పుస్తకంలోంచి పుట్టిన చట్టం కాదిది. 1958లో కేరళలో ఘోరం జరిగింది. ఓడలో గోధుమపిండి బస్తాలూ, పారథియాన్ అనే పురుగుమందు డబ్బాలూ కలిపి వేసి తెచ్చారు. డబ్బాలు కారి, మందు పిండికి పట్టింది. అది తెలియక ఆ పిండితో చేసినవి తిని 100 మందికి పైగా చనిపోయారు. పంటను కాపాడే మందు పిండిబస్తా పక్కన చేరితే ఏమవుతుందో దేశానికి అప్పుడు తెలిసివచ్చింది. దానిపైన విచారణలు జరిగి, చివరకు 1968లో క్రిమిసంహారక మందుల చట్టాన్ని పార్లమెంటు చేసింది. 1971లో అది అమలులోకి వచ్చింది.

ఆ తరవాత 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్‌లో జరిగింది మీకు తెలిసే ఉంటుంది. ఊళ్ళో అందరూ నిద్రలో ఉండగా యూనియన్ కార్బైడ్ కార్ఖానాలోంచి విషవాయువు బయటికి వచ్చింది. వేలమంది ప్రాణాలు పోయాయి. ఆ కార్ఖానాలో తయారైందేమిటి? పురుగుమందే! ఆ వాయువు కార్బరిల్ అనే మందు తయారీలో వాడే సరుకు. ఆ దెబ్బ తరవాతనే 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వలకు సంబంధించిన నియమాలు వచ్చాయి. మన తెలుగు నేల మీద 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది పోయారు. అది పురుగుమందు కాకపోయినా, నేర్పిన పాఠం మాత్రం ఒకటే. నిల్వ ఉన్న విషానికి నిద్ర లేదు; దాని కాపలాదారుకూ నిద్ర ఉండకూడదు.

సరే, చట్టం ఉంది, నియమాలు ఉన్నాయి, అధికారి ఉన్నాడు. ఇక భయమేమిటని మీరు అనవచ్చు. అక్కడికే వస్తున్నాను.

ఆ కాపలా దుకాణం గడపదాకానే గట్టిగా ఉంటుంది. రసీదు తీసుకొని సీసాను సంచిలో వేసుకొని మీరు గడప దాటిన మరుక్షణం, ఆ విషానికి తనిఖీదారు లేడు. బస్సులో మీ సంచి విప్పి చూసేవాడు లేడు. మీ ఇంటి మెట్లకింద ఏ సీసాలో ఏముందో అడిగేవాడు లేడు. చేలో గాలివాటు చూసి కొట్టుతున్నారా, ఎదురుగాలికి కొట్టుతున్నారా అని చూసేవాడు లేడు. దుకాణదారుకు పెట్టిన నియమాలన్నీ మంచివే, కాని విషం ఎక్కువకాలం ఉండేది దుకాణంలో కాదు గదా!

ఈ మాట ఇతరులకు బుద్ధి చెప్పడానికి అంటున్నది కాదు. నా అనుభవంతోనే చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే తప్పు చేశాను.

అప్పుడు ఎండాకాలం. ఆ వారంలోనే ఒక దుకాణం తనిఖీకి పోయినాం. అక్కడ మందు డబ్బాలు బియ్యం బస్తాలకు ఆనించి పెట్టి ఉంటే, ఆ సంగతి కాగితం మీద రాసింది నా చెయ్యే. దుకాణదారు బతిమాలుకున్నా వినలేదు. ఆదివారం మా నాన్నగారి చేనుకు పోయినాను. గట్లమీది గడ్డికి కలుపుమందు కొట్టినాక పావు లీటరు దాకా మిగిలింది. సీసా మూత పగిలి కారుతున్నది. వెంట తెచ్చుకున్న మంచినీళ్ళ సీసా ఖాళీగా కనిపించింది. దాంట్లో పోసి, మూత బిగించి, బండి సంచిలో పెట్టుకొని మీర్‌పేట్ చేరుకున్నాను. ఇంట్లోకి తీసుకుపోవడం మంచిది కాదనే తెలివి ఉన్నది చూడండి! అందుకని మెట్లకింద ఉన్న అరలో పెట్టి, పైకి పోయి పడుకున్నాను.

మరునాడు సాయంత్రం మాపై వాటాలో అద్దెకుండేవారి పిల్లవాడు, ఆరేళ్ళుంటాయేమో, వాకిట్లో ఆడి ఆడి దూపతో మెట్లదగ్గరికి వచ్చాడు. అరలో సీసా కనిపించింది. తీసుకొని మూత తిప్పుతున్నాడు. ఇంటి యజమానురాలు, మేమందరం పెద్దమ్మ అని పిలిచే ముసలామె, బట్టలు ఆరవేస్తూ చూసింది. 'ఏందిరా అది, కింద పెట్టు!' అని ఒక్క కేక వేసింది. ఆ కేకకు వాడు బెదిరి సీసా వదిలేశాడు. మందు మెట్లమీద ఒలికింది. వాడి చేతులమీద నాలుగు చుక్కలు పడ్డాయి. పెద్దమ్మ వాణ్ణి కుళాయి కిందికి లాగి, సబ్బుతో రెండుమూడు మార్లు కడిగింది. డాక్టరు దగ్గరికి తీసుకుపోయాము. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు.

నేను ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ మెట్లమీద కూర్చుని ఉన్నది. 'నువ్వు సర్కారు మనిషివి గదా బిడ్డా, నీకూ తెల్వదా?' అన్నది. ఇంకేమీ అనలేదు. దుకాణదారుకు నేను రాసిచ్చిన కాగితంలోని ప్రతి అక్షరమూ ఆ పూట నాకు వర్తించింది. అది రాసిన చెయ్యే నీళ్ళ సీసాలో విషం పోసింది. ఆ తరవాత ఎన్నో తనిఖీలకు పోయాను గాని, నాకు గుర్తున్న తనిఖీ మాత్రం పెద్దమ్మ చేసిందే.

ఇది చిన్న సంగతి అనుకోకండి. 2013 జులై 16న బీహారులో చాప్రా దగ్గర ఒక పల్లెబడిలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లల్లో 23 మంది చనిపోయారు. పరీక్షచేస్తే వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్టు తేలింది. ఆ మందు ఉన్న డబ్బాలో నూనె పోసి ఉంచినట్టు అధికారులు చెప్పారు. కేరళలో ఓడ, చాప్రాలో డబ్బా, మా ఇంట్లో నీళ్ళ సీసా. పాత్ర మారింది గాని, పొరపాటు మారలేదు. తిండి ఉండవలసినచోట విషం చేరింది, లేదా విషం ఉన్నచోటికి తిండి పోయింది.

కావున, గడప దాటిన మందుకు మీరే తనిఖీ అధికారి. ఈ ఉద్యోగానికి జీతం లేదు, సెలవూ లేదు. అధికారి దుకాణంలో ఏ వరుసన చూస్తాడో, ఆ వరుసనే మీరు మీ మందును చూసుకోండి.

మొదటిది, గుర్తు చూడండి. ప్రతి మందు డబ్బా మీదా మూలమీద నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉంటుంది. దాని కింది సగంలో రంగు ఉంటుంది. ఎరుపుంటే అత్యంత విషం, పైన పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. పసుపుంటే మిక్కిలి విషం. నీలం అయితే మధ్యరకం. ఆకుపచ్చ అయితే తక్కువ విషం. ఎరుపు అంటే ఎంతో తెలుసా? పరీక్షించిన జంతువులలో సగం చావడానికి, ఒంటి బరువు కిలోకు 1 నుంచి 50 మిల్లీగ్రాములు చాలు. 50 మిల్లీగ్రాములంటే గ్రాములో ఇరవయ్యో వంతు! పసుపుకు 51 నుంచి 500, నీలానికి 501 నుంచి 5000, ఆకుపచ్చకు 5000 పైన అని లెక్క.

ఈ రంగులను గురించి మన పల్లెల్లో రెండు అపోహలున్నాయి. ఎర్రగుర్తు మందు పురుగును బాగా చంపుతుందని కొందరంటారు. ఆ రంగు మనిషికి ఎంత ప్రమాదమో చెప్పేదే గాని, పురుగుమీద ఎంత పని చేస్తుందో చెప్పేది కాదు. ఆకుపచ్చ అంటే ఏమీ కాదని మరికొందరంటారు. ఆకుపచ్చ గుర్తుమీద కూడా జాగ్రత్త అనే మాట రాసి ఉంటుంది. పసుపు గుర్తున్న పారాక్వాట్ అనే కలుపుమందు కడుపులోకి పోతే దానికి విరుగుడే లేదు. అందుచేత ఏ రంగైనా విషం విషమే.

రెండోది, తీసుకురావడం. మందును తినే వస్తువులతో ఒకే సంచిలో వేయకండి. దానికి వేరే సంచి, అదీ కారకుండా మందపాటిది పెట్టుకోండి. అసలు మీర్‌పేట్‌దాకా తేవలసిన పనేమిటి? ఎంత చేనుకు ఎంత కావాలో లెక్కచూసి అంతే కొనండి. ఒక సీసా ఇద్దరు రైతులు కలిసి కొని ఆ రోజే వాడుకోవచ్చు. మిగలని మందుకు కాపలా అక్కర లేదు.

మూడోది, ఉంచడం. మందును దాని డబ్బాలోనే ఉంచాలి, మూత పోయినా సరే మరో సీసాలో పోయవద్దు. మంచినీళ్ళ సీసా, కూల్‌డ్రింకు సీసా, మజ్జిగ డబ్బా, ఇవి పిల్లల చేతికీ, రాత్రిపూట చీకట్లో దూపైన పెద్దల చేతికీ మొదట అందేవి. వంటింటికీ, పశువుల కొట్టానికీ దూరంగా తాళంవేసిన పెట్టెలో పెట్టండి. ఇంకొక మాట. ఇంట్లో మాటా మాటా పెరిగి, కోపంలోనో అవమానంలోనో ఉన్న మనిషి చేతికి అందేచోట విషం ఉంటే, ఆ ఒక్క గడియ దాటడం కష్టమవుతుంది. తాళం వేసి, తాళంచెవి ఇంటి పెద్దదిక్కు దగ్గర ఉంచితే ఆ గడియ గడుస్తుంది. చేనులో నష్టం వచ్చిన ఏడు ఈ మాట మరింత గుర్తుంచుకోవాలి. ఎవరైనా దిగులుగా ఉంటే పక్కన కూర్చుని మాట్లాడండి, ఒంటరిగా వదలకండి.

నాలుగోది, కొట్టడం. 2017లో మన ఆదిలాబాదు పొరుగున ఉన్న మహారాష్ట్రలోని యవత్మాళ్ జిల్లాలో పత్తి చేలల్లో మందు కొడుతూ విషం సోకి 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. ఒళ్ళంతా కప్పే బట్టలు, చేతి తొడుగులు, ముక్కుకూ నోటికీ అడ్డు లేకుండా స్ప్రేయరు ఎత్తకండి. మనిషి ఎత్తు దాటిన పైరులో దూరి కొట్టకండి. గాలికి ఎదురుగా కాక, గాలి మీ మీదినుంచి అవతలికి పోయేట్టు నిలబడండి. పరగడుపున కొట్టరాదు. నడుమ బీడీ తాగరాదు. నాజిల్ పూడుకుంటే నోటితో ఊదకండి, నీళ్ళతో కడగండి. రెండుమూడు మందులు కలిపి ఒకే ట్యాంకులో పోయడం, డబ్బామీద చెప్పినదానికన్నా ఇంకొక మూత ఎక్కువ పోయడం మానండి. కూలికి వచ్చినవాడు మన మనిషే. తొడుగులు అతనికి కూడా మీరే కొనిపెట్టాలి. మందుకొట్టిన బట్టలను ఇంటిబట్టలతో కలిపి ఉతకవద్దని ఇంట్లో చెప్పండి. ఉతికే అక్కకూ ఒళ్ళు ఉన్నది గదా!

ఐదోది, కోయడం. డబ్బా కాగితంలో మందు కొట్టినాక ఎన్ని రోజులకు కోయాలో రాసి ఉంటుంది. సరూర్‌నగర్ రైతుబజారులో నిగనిగలాడే వంకాయను కొనేది ఎవరో కాదు. మీర్‌పేట్‌లో ఉండే మీ తమ్ముడి భార్యే కొనవచ్చు. ఇవాళ కొట్టి రేపు కోస్తే, ఆ విషం తిరిగి తిరిగి మన గిన్నెలోకే వస్తుంది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలమీద వాడకూడదని 2005లోనే నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపివేసింది. పాతసీసా ఇంట్లో ఉంది గదా అని వాడేయకండి. మందుకు అనుమతి ఉందో లేదో వ్యవసాయాధికారిని అడగండి.

ఆరోది, ఖాళీ డబ్బా. మందు అయిపోయిన డబ్బాను మూడుసార్లు నీళ్ళతో కడిగి, ఆ నీళ్ళు స్ప్రేయర్ ట్యాంకులోనే పోసి చేనుకే కొట్టండి. డబ్బాకు తూట్లు పొడిచి లేదా పగలగొట్టి, ఇళ్ళకూ బావులకూ దూరంగా లోతుగా పూడ్చండి. పాత ఇనుప సామానువాడికి అమ్మకండి, కాల్చకండి. స్ప్రేయరును చెరువులో కడగవద్దు. మీర్‌పేట్ ఒకప్పుడు చెరువుల ఊరే. పెద్దచెరువు చుట్టూ ఇళ్ళు లేచి, మురుగు చేరి, ఆ నీళ్ళు ఏమైనవో మేము రోజూ చూస్తున్నాం. మీ ఊరి చెరువు ఇంకా చెరువుగానే ఉంటే, దాన్ని కాపాడుకోండి. చెరువు చెడినాక పూడిక తీయవచ్చు గాని, విషం తీయడం మన తరం కాదు.

ఇంత జాగ్రత్తపడ్డా ఒకవేళ ఎవరికైనా విషం సోకితే ఏం చెయ్యాలి? ఎక్కువ చెమట, నోట చొంగ, కళ్ళు మసకబారడం, కండరాలు అదరడం, ఊపిరి ఆడకపోవడం, వాంతులు, ఇవి గుర్తులు. మనిషిని చేలోంచి గాలి తగిలేచోటికి తీసుకుపోండి. మందు పడిన బట్టలు విప్పి, ఒళ్ళు సబ్బునీళ్ళతో కడగండి. కంట్లో పడితే ధారగా నీళ్ళు పోస్తూ ఉండండి. మింగినవాడికి ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకండి. పేడనీళ్ళు, చింతపండు రసం వంటి నాటువైద్యాలు పెట్టకండి. 108కు ఫోను చేయండి. అన్నిటికన్నా ముఖ్యం, మందు డబ్బాను వెంట తీసుకుపోండి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు విరుగుడు వేస్తాడు. కొన్ని మందులకు అట్రోపిన్ సూది పని చేస్తుంది, కొన్నిటికి చేయదు. నీళ్ళ సీసాలో పోసి ఉంచిన మందుకు లేబులుండదు, అదెవరికీ తెలియదు. నా తప్పులో అన్నిటికన్నా పెద్దది ఇదేనని డాక్టరుగారు ఆనాడు చెప్పాకగాని నాకు తెలియలేదు. ఆయన మొదట అడిగిన మాట, 'ఏ మందు?' అని.

ఇక చివరిగా ఒక మాట. విషానికి అన్నిటికంటె మంచి కాపలా, దాన్ని ఇంటికి తేకపోవడమే. అప్పటి ఖమ్మం జిల్లాలో పాల్వంచ దగ్గరి పునుకుల గ్రామంవారు 2000 సంవత్సరం తరవాతి తొలి ఏళ్ళలో పురుగుమందులు వదిలేసి వేపగింజల కషాయానికి, పురుగు జాడ పసిగట్టే పద్ధతులకు మళ్ళారు. ఆ ఊళ్ళో మహిళా సంఘాలవారే ముందు నిలిచారు. పత్తిచేలకు మందు కొడితేనే బతుకు అనుకున్నచోట, మందు లేకుండా పత్తి పండించి చూపించారు. మీరంతా రేపే అట్లా మారండి అని అనడం లేదు. కాని పురుగు కనిపించగానే మందు డబ్బా దగ్గరికి పోకుండా, ముందు పురుగు ఎంత ఉందో చూడండి, మిత్రపురుగు ఎంత ఉందో చూడండి. ఎరపంటలు, లింగాకర్షక బుట్టలు, వేపకషాయం ఉన్నాయి. అవసరమైతేనే మందు. ఆ సలహాకు మీ ఊరి విస్తరణాధికారి ఉన్నాడు. అతను దొరక్కపోతే కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551కు ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు.

మెట్లకింది ఆ అర ఇప్పుడు ఖాళీగా ఉంది. పెద్దమ్మ దాంట్లో పిల్లల చెప్పులు పెట్టిస్తున్నది. నేను చేనునుంచి వచ్చేటప్పుడు ఆమె వాకిట్లోనే నిలబెట్టి, 'సంచిలో ఏమున్నది బిడ్డా?' అని ఇప్పటికీ అడుగుతుంది. కోపం రాదు, సంచి విప్పి చూపిస్తాను. మీ ఇంట్లో కూడా అట్లా అడిగే మనిషి ఒకరు ఉంటే, అడిగించుకోవడానికి మీకు సిగ్గు లేకపోతే, మీ గడప దాటి ఏ విషమూ లోపలికి పోదు.